రాజకుమారుడు లేని ప్రిన్స్ ఆఫ్ పర్షియా: మీ అన్నదమ్ముల గొడవకి నా సమాధానం

తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్ళకి కూడా సంగతి తెలియాలి కదా. వీళ్ళది శ్రీకాకుళం. తమ్ముడు ఈ మధ్యే ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్ అనే వీడియో గేమ్ పూర్తి చేసి, సిరీస్ మొత్తంలో ఇదే బెస్ట్ అన్నాడు. వాళ్ళ అన్నయ్య అదే సిరీస్‌లో 2003లో వచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్ ఆడుతూ పెరిగిన మనిషి, ఆయనకి మండిపోయింది. "హీరో రాజకుమారుడే కాదు, త్రీడీ కాదు, కత్తిపట్టే తీరు కూడా మనది కాదు, పేరు అమ్ముకోవడానికి పెట్టుకున్నారు, పాత ఆటలని అవమానించారు" అన్నాడట. సంక్రాంతికి ఇంటికొచ్చిన అన్నయ్య ఆ మాట మీదే వెళ్ళిపోయాడు, ఇప్పటికీ ఫోన్లో అదే గొడవ. ఎవరు చెప్పింది కరెక్ట్ అని ప్రశ్న.

నేను విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మేడమీద 2003 నుంచి 2011 దాకా నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది సిస్టమ్‌లు. ఈ సిరీస్‌లో పెద్ద ఆటలన్నీ నేను పూర్తి చేశాను, కొన్ని మూడు నాలుగు సార్లు. అంతకంటే ముఖ్యంగా, వేరేవాళ్ళు ఆడుతుంటే వెనక నిలబడి వందల గంటలు చూశాను. అందుకే ఈ ప్రశ్నకి చిన్న జవాబు రాయలేకపోతున్నాను.

మీ అన్నయ్య బాధ నిజమైనదే. ఆయన చూపించే కారణం మాత్రం తప్పు. లాస్ట్ క్రౌన్ పాత ఆటల మాట నిలబెట్టింది, కానీ మీ అన్నయ్య వెతుకుతున్న చోట కాదు. ఆయన 2003 నుంచి లెక్క మొదలుపెడుతున్నాడు. లెక్క 1989 నుంచి మొదలవ్వాలి.

మొదటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. చేసింది జోర్డన్ మెక్నర్, దాదాపు ఒక్కడే. తన తమ్ముడు డేవిడ్ చేత పరిగెత్తించి, గెంతించి, గోడ అంచు పట్టుకుని పైకి ఎక్కించి, అదంతా వీడియో తీసి, ఒక్కొక్క ఫ్రేమూ చూసుకుంటూ బొమ్మలుగా మార్చుకున్నాడు. అందుకే ఆ ఆటలో మనిషికి బరువుంది. పరిగెడుతూ ఉన్నపళంగా ఆగలేడు, రెండు అడుగులు జారి ఆగుతాడు. గెంతాలంటే ముందు పరుగు తీయాలి. చేతిలో ఉన్నది 60 నిమిషాలు, ఎన్నిసార్లు చచ్చినా ఆ గడియారం ఆగదు. అడుగు తప్పితే పోయేది ప్రాణం కాదు, నిమిషాలు. ఈ ముక్క గుర్తుపెట్టుకో తమ్ముడూ, తర్వాత పనికొస్తుంది.

ఇక నీడ సంగతి. మెక్నర్ ఆట చేస్తూండగా కంప్యూటర్లో మెమరీ అయిపోయింది, ఇంకో శత్రువుకి కొత్త బొమ్మలు గీసి పెట్టే చోటు లేదు. అప్పుడు రాజకుమారుడి బొమ్మనే తీసుకుని, ఒక్క బిట్ పక్కకి జరిపి, దాని మీద దాన్నే కలిపేసరికి, లోపలంతా ఖాళీ అయిపోయి అంచులు మాత్రం మెరిసే ఒక దెయ్యంలాంటి ఆకారం వచ్చింది. ఆ చోటు చాలకపోవడంలోంచే ఈ సిరీస్‌లో అన్నింటికంటే గొప్ప పాత్ర పుట్టింది. నాలుగో లెవెల్లో దారికి అడ్డంగా ఒక అద్దం ఉంటుంది. పరిగెత్తుకొచ్చి అందులోంచి దూకాలి. దూకగానే నీ ప్రాణంలో ఒక్క చుక్క మిగుల్తుంది, అవతలి వైపు నుంచి నీ నీడ బయటికి దూకి పారిపోతుంది. ఆ తర్వాత లెవెల్లో నువ్వు తాగబోయే మందు అది తాగేస్తుంది. దాని తర్వాత లెవెల్లో నువ్వు గెంతే సమయానికి గేటు మూసేసి నిన్ను కిందకి పడేస్తుంది.

నేను దీన్ని చూసింది 95 ప్రాంతంలో, డిగ్రీ చదివేటప్పుడు, కోట దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో. నలుపు తెలుపు మానిటరు, ఫ్లాపీలో ఆట. క్లాసు అయ్యాక సారు ఇంటికెళ్ళేదాకా ముప్పావుగంట దొరికేది. చివరి లెవెల్లో ఆ నీడ కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. నేను దాన్ని పొడిస్తే నా ప్రాణంలోంచి చుక్క పోతోంది. అది నన్ను పొడిచినా నాదే పోతోంది. దాన్ని చంపిన ప్రతిసారీ నేనూ చచ్చేవాణ్ణి. మూడు వారాలు ఇదే పని. ఎడమ నుంచి కొట్టి చూశాను, దెబ్బ కాచుకుని చూశాను, వెనక్కి నడిపించి గోతిలో తోసెయ్యాలని చూశాను. ఒకరోజు విసుగొచ్చి, ఇంక చాలనుకుని కింది బాణం నొక్కాను. నా మనిషి కత్తి ఒరలో పెట్టేశాడు. ఎదురుగా నీడ కూడా పెట్టేసింది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు పరిగెత్తుకొచ్చి ఒకటైపోయారు. ఆ ముందున్నది ఉత్త గొయ్యి, దాటే దారి లేదు. పరుగు ఆపకుండా గాల్లోకి అడుగేస్తే, అడుగు పడ్డచోటల్లా కాళ్ళ కింద ఒక్కొక్క పలకా వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రోజు సైకిల్ తొక్కుకుంటూ ఇంటికెళ్ళానో నడిపించుకుంటూ వెళ్ళానో గుర్తులేదు.

సిరీస్ అంటే నాకు ఇదే. తలపాగా కాదు, తెల్లబట్టలు కాదు. కాలం నీ చేతిలోంచి జారిపోతూ ఉండాలి, తప్పడుగుకి ఏదో ఒక ధర కట్టాలి, చివరికి వచ్చేసరికి నీ అసలు శత్రువు నువ్వే అని తెలియాలి, వాణ్ణి కత్తితో గెలవలేకపోవాలి. ఏ సీక్వెల్ వచ్చినా నేను చూసేది ఈ మూడూ.

1993లో వచ్చిన రెండోదీ, 1999లో వచ్చిన త్రీడీదీ ఇక్కడ పక్కన పెడుతున్నాను, మీ గొడవలో అవి లేవు.

2003 చివర్లో శాండ్స్ ఆఫ్ టైమ్. యూబీసాఫ్ట్ వాళ్ళ మాంట్రియల్ స్టూడియో చేసింది, మెక్నర్ కథ రాశాడు, డిజైన్‌లో కూడా ఉన్నాడు. మా సెంటర్లో ఉన్నవన్నీ జీఫోర్స్ 4 ఎమ్ఎక్స్ గ్రాఫిక్స్ కార్డులు, వాటి మీద ఆ ఆట తెరుచుకోదు. కుర్రాళ్ళు రోజూ వచ్చి అడుగుతుంటే తట్టుకోలేక, విశాఖ వెళ్ళి రెండు కొత్త కార్డులు కొనుక్కొచ్చి రెండు సిస్టమ్‌లకి పెట్టాను. ఆ రెండింటి దగ్గరా సాయంత్రం అయిదు నుంచీ క్యూ. ఎమ్మార్ కాలేజీ కుర్రాళ్ళు ఒకరు ఆడుతుంటే ఆరుగురు నిలబడి చూసేవారు.

మీ అన్నయ్యకి ఆ ఆట మీద ఎందుకంత ప్రేమో నాకు తెలుసు. కథ మొదలయ్యేదే మన దేశంలో, ఒక మహారాజు కోట మీద పర్షియా సైన్యం దాడితో. ఫరా ఆ మహారాజు కూతురు. ఆట మొత్తం రాజకుమారుడు ఎవరికో చెప్తున్న కథ. మనం పడి చచ్చిపోతే, "కాదు కాదు, అలా జరగలేదు" అని ఆయన గొంతు సర్దుకుంటుంది. ఆయన చేతిలో ఒక మాయ బాకు ఉంటుంది, దాని బటన్ నొక్కితే కాలం వెనక్కి వెళ్తుంది, కానీ అందులో ఇసుక ఉన్నంతవరకే. 60 నిమిషాల గడియారం పోయి, దాని చోట బాకులో ఇసుక వచ్చింది. ధర ఉంది. మాట నిలబెట్టుకుంది.

ఇంకో విషయం, ఇది మా సెంటర్లో ఒక తెలుగు మాస్టారు పట్టుకున్నారు, వాళ్ళబ్బాయిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి నిలబడి చూస్తూ. ఫరా చిన్నప్పుడు భయమేస్తే అనుకోమని వాళ్ళమ్మ ఒక మాట నేర్పుతుంది, ఇంకెవరికీ చెప్పని మాట, అది రాజకుమారుడికి చెప్తుంది. ఆ మాట "కాకోలూకియా". మాస్టారు ఉలిక్కిపడి, "అది మన పంచతంత్రంలో మూడో తంత్రం పేరు కదయ్యా, కాకోలూకీయం, కాకులూ గుడ్లగూబల కథ" అన్నారు. చివర్లో కాలమంతా వెనక్కి తిరిగిపోయి, ఫరాకి ఈయన ఎవరో కూడా తెలియని చోట, నీ పేరేంటి అని ఆమె అడిగితే, రాజకుమారుడు ఆ మాటే చెప్పి చీకట్లోకి వెళ్ళిపోతాడు. కుర్చీల వెనక నిలబడ్డ ఆరుగురిలో ఒక్కడు కూడా మాట్లాడలేదు. అలాంటి ఆట ఆడిన మనిషికి ఆ తర్వాత ఏది వచ్చినా తక్కువగానే కనిపిస్తుంది. మీ అన్నయ్యది ఆ బాధ.

కానీ మీ అన్నయ్యకి గుర్తుచెయ్యి, అసలు గొడవ 2004లోనే అయిపోయింది. వారియర్ వితిన్ వచ్చింది. అదే రాజకుమారుడు, అదే స్టూడియో, త్రీడీనే, గోడల మీద పరుగు కూడా అదే. అంటే మీ అన్నయ్య అడుగుతున్నవన్నీ ఉన్నాయి. అయినా మొదటిరోజు మా సెంటర్లో ఒకడు స్క్రీన్ చూసి, "ఏటి బాబూ ఇది, ఈడు మన ప్రిన్సేనేటి?" అన్నాడు. జుట్టు విరబోసుకుని, పళ్ళు కొరుకుతూ, అమ్మాయిల్ని తిడుతూ, వెనకాల మెటల్ బ్యాండు సంగీతం. ఫరా లేదు. ఆ ఆట తీరూ, అందులో హింసా తనకి నచ్చలేదని మెక్నరే బయటకి చెప్పాడు. సెంటర్ రెండు పార్టీలైపోయింది. ఫైటింగ్ బాగుందనేవాళ్ళు ఒకవైపు, కథ చంపేశారనేవాళ్ళు ఒకవైపు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళు నిజంగానే కాలర్లు పట్టుకుంటే కిందికి పంపించేశాను.

నేను అప్పుడు కథ చంపేశారనే పార్టీ. ఇరవై ఏళ్ళ తర్వాత ఆడి చూస్తే నా తీర్పు కొంచెం మారింది. అందులో దహాకా అని ఒకడు తరుముతాడు. ఎందుకు తరుముతాడు? శాండ్స్‌లో మనం హాయిగా వెనక్కి తిప్పుకున్న కాలానికి లెక్క తేల్చుకోవడానికి. ఇసుక గడియారం తెరిచినవాడు చావాలి, ఈయన చావలేదు, అందుకని కాలమే మనిషిని పంపింది. వాడు వస్తుంటే తెర రంగు మారిపోతుంది, నీళ్ళ తెర దాటితే తప్ప తప్పించుకోలేవు. ముందు ఆటలో మనం చేసిన పనికి తర్వాతి ఆటలో ధర కట్టించడం, దీనికంటే గౌరవం ఏముంటుంది? ముఖం పోగొట్టుకున్నా లెక్క తప్పని ఆట అది. మాటతీరు మాత్రం క్షమించలేను, ఇప్పటికీ.

2008లో వచ్చినదానికి దీనికి తిరగేసి చెప్పాలి. బొమ్మ చూస్తే రంగుల పెయింటింగ్ లాగా ఎంత అందంగా ఉంటుందో. రాజకుమారుడు కొత్తవాడు, అది నాకు పట్టింపు లేదు. కానీ నువ్వు పడిపోయే ప్రతిసారీ, తోడుగా వచ్చే ఎలికా అనే అమ్మాయి చెయ్యి వచ్చి పైకి లాగేస్తుంది, చావు లేదు. పడితే ఏమీ పోదు. నేను సగం ఆడేసరికి అంచు దగ్గర చూసుకుని దూకడం మానేశానని గమనించాను. ఎలాగూ పట్టుకుంటుంది కదా. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో అడుగు చూసుకోకుండా వేశానంటే ఆట నాతో ఏదో తప్పు చేసినట్టే. ఆ ఆట అభిమానులు ఉన్నారు, ముగింపు వాళ్ళకి గుండె కదిలిస్తుంది, నాకూ కదిలించింది, అయినా సిరీస్ లెక్కలో అన్నింటికంటే దూరంగా జరిగింది అదే అంటాను.

ఇప్పుడు లాస్ట్ క్రౌన్. 2023 జూన్‌లో మొదటి వీడియో వచ్చినప్పుడు ర్యాప్ పాట విని నేనూ ముఖం చిట్లించాను, ఒప్పుకుంటున్నాను. 2024 జనవరిలో ఆట వచ్చాక మూడు రాత్రులు నిద్రపోలేదు. చేసింది యూబీసాఫ్ట్ మాంట్‌పెలియే స్టూడియో, రేమన్ లెజెండ్స్ చేసినవాళ్ళు. పక్కనుంచి కనిపించే టూడీ ఆట. మీ అన్నయ్య దీన్ని కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నాడు, 1989 ఆట కూడా పక్కనుంచి కనిపించేదే కదా! ఇది దారి తప్పడం కాదు, పుట్టింటికి రావడం. హీరో సర్గాన్, ఇమ్మోర్టల్స్ అనే యోధుల బృందంలో ఒకడు. రాజకుమారుడు ఘస్సాన్‌ని ఎత్తుకుపోతే వెతుక్కుంటూ కాఫ్ పర్వతానికి వెళ్తాడు, అక్కడ కాలం ముక్కలైపోయి ఉంటుంది. పైగా 1989లో మొదలైన పర్షియా పేరు మీది సిరీస్‌కి పర్షియన్ భాషలో గొంతు దొరికింది ఈ ఆటలోనే. నేను ఆ భాష పెట్టుకుని కింద అక్షరాలు చదువుకుంటూ ఆడాను. మాట అర్థం కాకపోయినా ఊరు సరైనదే అనిపించింది.

అన్నింటికంటే నన్ను కుర్చీలోంచి లేపింది ఆటలో దొరికే ఒక శక్తి, సిముర్గ్ నీడ అంటారు (సిముర్గ్ అంటే పర్షియా పురాణాల్లోని పక్షి). నువ్వు నిలబడ్డచోట నీ నీడని వదిలేసి ముందుకి గెంతుతావు. ముళ్ళ మీద పడబోతూ మళ్ళీ బటన్ నొక్కితే నీడ ఉన్నచోటికి వచ్చేస్తావు. ఆ నీడ నీలాగే నిలబడి ఉంటుంది, నీ ఆకారమే. దాన్ని చూడగానే నాకు ఆ నలుపు తెలుపు మానిటర్ గుర్తొచ్చింది. తెలిసి చేశారో తెలియక చేశారో నాకు అనవసరం, దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత ఆ నీడ నా చేతికి అందింది. ఒకప్పుడు నా మందు తాగేసి పారిపోయినవాడు ఇప్పుడు నేను పడిపోకుండా కాపలా నిలబడ్డాడు.

లోపాలు లేవని కాదు. చివరి మూడో వంతులో కథ పరిగెత్తేస్తుంది, ఇమ్మోర్టల్స్‌లో కొందరి గురించి తెలుసుకునేలోపే వాళ్ళు అయిపోతారు. ఫరాతో పోల్చదగ్గ మనిషి ఈ ఆటలో లేదు. ఈ మాట మీ అన్నయ్య అంటే తలూపు, వాదించకు.

హీరో రాజకుమారుడు కాదు అనే వాదనకి మా ఊరి మాట ఒకటి చెప్తాను. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఏటా కొత్త చింతచెట్టు. పోయినేడు మాను ఈ ఏడు ఉండదు. ఎవరైనా "ఇది పాత మాను కాదు కాబట్టి సిరిమానోత్సవం కాదు" అంటారా? ఆ కొత్త మాను చివర పూజారి కూర్చోవాలి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి రావాలి. అది జరిగితే జనం అరటిపళ్ళు విసురుతారు, దండం పెడతారు. పాత మానునే రంగులేసి తెచ్చి ఒక్కసారి తిప్పి లోపల పెట్టేస్తే ఊరు ఊరుకోదు. వారియర్ వితిన్‌లో మాను పాతదే, తీరు తప్పింది. లాస్ట్ క్రౌన్‌లో మాను కొత్తది, మూడుసార్లూ తిరిగింది.

ఇక టూ థ్రోన్స్ గురించి చెప్పి ఆపుతాను, ఎందుకంటే మీ అన్నయ్యకి చెప్పాల్సింది అసలు అందులో ఉంది.

2005 చివర్లో వచ్చింది, ఆ శాండ్స్ కథలో మూడోది. ఫరా తిరిగొస్తుంది. రాజకుమారుడి ఒంట్లో ఇసుక దూరి, లోపల ఇంకొకడు తయారవుతాడు, డార్క్ ప్రిన్స్. వాడు చెవిలో వెటకారంగా మాట్లాడుతూనే ఉంటాడు, వాడి రూపంలో ఉన్నంతసేపూ ప్రాణం కారిపోతూనే ఉంటుంది. 2006 వేసవిలో, ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడొకడు ఎనిమిదో నంబరు సిస్టమ్ మీద చివరిదాకా వచ్చాడు. విలన్ చచ్చిపోయాడు, ఆట అయిపోయిందనుకుంటే, రాజకుమారుడి మనసులోపల డార్క్ ప్రిన్స్ ఎదురయ్యాడు. కుర్రాడు కొడుతున్నాడు. వాడు మళ్ళీ లేస్తున్నాడు. మళ్ళీ కొడుతున్నాడు. ఇరవై నిమిషాలు అయింది, బయట కరెంటు పోయి యూపీఎస్ కూతలు మొదలయ్యాయి, ఇంకో పది నిమిషాలే ఉంటుంది అది. వెనకున్నవాళ్ళు ఇలా కొట్టు, అలా కొట్టు అని అరుస్తున్నారు.

నేను ఆ ఆట అప్పటికి అంతవరకూ ఆడలేదు. అయినా స్క్రీన్ చూడగానే తెలిసిపోయింది.

"కొట్టకు. ఒగ్గేయ్" అన్నాను.

"ఒగ్గేయమంటారేటన్నా, బాస్ కదా" అన్నాడు.

"వాణ్ణి అక్కడే ఒగ్గేసి, ఆ వెలుగు కనిపిస్తోంది చూడు, అటు నడిచిపో. తిరిగి చూడకు."

వాడు నమ్మకం లేకుండానే మౌస్ మీద వేలు తీశాడు. నడిచాడు. వెనకాల డార్క్ ప్రిన్స్ అరుస్తూనే ఉన్నాడు, పిలుస్తూనే ఉన్నాడు, ఆ గొంతు చిన్నదైపోతూ వచ్చింది. వెలుగులోకి అడుగు పెట్టగానే అయిపోయింది. యూపీఎస్ ఇంకా కూస్తోంది. "మీరిది ముందే ఆడేశారా అన్నా?" అన్నాడు కుర్రాడు. ఆడాను రా, పదకొండేళ్ళ కిందట, ఫ్లాపీలో, అన్నాను.

కాబట్టి తమ్ముడూ, ఫోన్లో వాదించుకోవడం ఆపి ఈసారి మీ అన్నయ్య ఇంటికొచ్చినప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. ముందు 1989 ఆట పెట్టు, ఆయన చేత నాలుగో లెవెల్ అద్దం దాకా ఆడించు, రెండు సాయంత్రాలు పడుతుంది, కంగారుపెట్టకు. ఆ నీడ దూకి పారిపోయాక అక్కడ ఆపేసి, లాస్ట్ క్రౌన్ పెట్టి, సిముర్గ్ నీడ శక్తి దొరికేచోట ప్యాడ్ ఆయన చేతికివ్వు. ఆయన మొదటిసారి నీడని వదిలి గెంతినప్పుడు నువ్వేం మాట్లాడకు. ఆ తర్వాత ఆయనేమన్నాడో వచ్చి ఇక్కడ రాయి, నేను చూస్తాను.